ఎల్లేశం బిడ్డ

మంచిర్యాలలో మెడికల్ ఎంట్రన్స్ పరీక్ష సెంటరు గేటు దగ్గర హోంగార్డు నన్ను ఆపి, రోడ్డవతలికి చెయ్యి చూపించాడు.

"అమ్మా, తల్లిదండ్రులందరు ఆ షామియాన కిందికి పోవాలె. పిల్లలనే లోపటికి పంపుతం."

హాల్ టికెట్ చూపించాను. ఫొటోను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫొటోను చూశాడు.

"రాసేది మీరేనా మేడం?"

"నేనే. ఏం, రాయొద్దా?"

"అయ్యో, గట్లెందుకంట. మా అక్క వయసున్నట్టున్నరు, గందుకే అడిగిన."

"మీ అక్కను గూడ రాయమను. వయసు పట్టింపు తీసేసిన్రు," అన్నాను.

వెనకాల వరసలో నిలబడ్డ పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను ఇంటర్ చదివేనాటికి వాళ్లు ఉయ్యాలల్లో ఉండి ఉంటారు. నాకు ముప్పై మూడేళ్లు.

ముక్కుపుల్ల, కమ్మలు, పట్టీలు అన్నీ తీయించారు. రుమాలులో మూటగట్టి రోడ్డవతల ఉన్న బాపుకిచ్చి వచ్చాను. బాపు ఆ ఆదివారం రెట్టింపు జీతం వచ్చే ప్లేడే డ్యూటీ వదులుకొని నా వెంట వచ్చాడు. మా బొగ్గుబాయిల దగ్గర ఆదివారం డ్యూటీ దొరికీ వదులుకున్నవాణ్ని జనం వింతగా చూస్తారు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. వచ్చింది రాయి, రానిదాన్ని ముట్టకు," అన్నాడు. ఏడో తరగతి దాటని మనిషి. తప్పు జవాబుకు మార్కులు కోస్తారని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు.

నా సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. పేరు శోభ. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో పన్నెండేళ్లుగా స్టాఫ్‌నర్సును. పెళ్లయింది, మూడేళ్లకు తెగింది, ఆ ముచ్చట ఇక్కడ అక్కర్లేదు. ఇంటర్ బైపీసీలో నూటికి నలభై ఏడు మార్కులు, అవి కూడా ఫిజిక్స్ సప్లిమెంటరీలో గట్టెక్కాక. ఆ మార్కుల మీద డాక్టరు కావాలనుకోవడం తిక్క అని నాకూ తెలుసు. కానీ డాక్టరు వచ్చేదాకా డాక్టరు పని, డాక్టరు వచ్చాక నర్సు పని పన్నెండేళ్లు చేస్తే ఎవరికైనా తిక్క పుడుతుంది.

మా హెడ్ సిస్టర్ సుసన్నక్క ఆ తిక్కను ఎగదోసింది. ఆమె కూతురు ఫెబా రెండేళ్లు హైదరాబాదులో లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకొని, ఇది నావల్ల కాదని బ్యాంకు ఉద్యోగంలో పడింది. ఆ పుస్తకాలన్నీ గోనెసంచిలో కట్టి ఆటోలో మా క్వార్టరుకు పంపించింది సుసన్నక్క.

"ఒక్క పేజీ మడత పడలే సూడు. మా ఫెబా సదివిందో, ముంగటేసుకొని నిద్రపోయిందో ఆ దేవునికే ఎరుక. నువ్వన్న సదువు," అంది.

పది నెలలు చదివాను. బాపుది ఫస్ట్ షిఫ్టు, నాది మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా ఇల్లు నాది. అవ్వ, అంటే మా అమ్మ, టీవీ సౌండు బంద్ చేసి బొమ్మలు చూస్తూ కూర్చునేది. పరీక్ష అయ్యాక నేను పొద్దుటి డ్యూటీకి మారాను.

జూన్‌లో ఫలితం వచ్చింది. ఏడువందల ఇరవైకి నాలుగువందల పదకొండు.

నర్సుల గదిలో సుసన్నక్క కళ్లజోడు పెట్టుకొని ఫోనులో ఏవేవో లిస్టులు చూసింది. నాకంటే ఆమెకే ఆరాటం ఎక్కువగా ఉంది. చివరికి ఫోను పక్కన పెట్టింది.

"మామూలుగనైతే కష్టమే శోభా. బీసీల కిందటేడు లెక్క చూస్తే కొంచెంల పోయేటట్టున్నది. కని నీకెందుకు రంది? మన ఊరి మెడికల్ కాలేజీల బొగ్గు కంపెనీ కార్మికుల పిల్లలకు సీట్లున్నయి గదా. అండ్ల నీ ర్యాంకు ఆరాంగ సరిపోతది. మీ నాయిన కంపెనీయే గదా?"

"ఆఁ, కంపెనీయే."

"మరింకేంది? గట్ల మొఖం పెట్టినవ్?"

"ఏం లేదక్కా," అన్నాను. బీపీ చూడాల్సిన పేషెంటు ఉన్నాడని చెప్పి బయటపడ్డాను. పన్నెండేళ్లు ఒకే కంచంలో తిన్న మనిషికి కూడా ఆ మాట చెప్పలేదు. మా ఇంట్లో ఎవరమూ ఎవరికీ చెప్పం.

కంపెనీ పుస్తకంలో మా బాపు పేరు ఆగయ్య. కన్నవాళ్లు పెట్టిన పేరు ఎల్లేశం.

పంతొమ్మిది వందల ఎనభై ఏడులో మా ఊళ్లో ఆగయ్య అనే ఆయనకు బాయి పనికి రమ్మని పిలుపు కాగితం వచ్చింది. అప్పటికే ఆయన భివండీ మగ్గాల మీదికి పోయి పత్తా లేడు. ఆయన తల్లి ఆ కాగితాన్ని మా తాతకిచ్చి, బదులుగా జత ఎడ్లను తోలుకుపోయింది. పంతొమ్మిదేళ్ల ఎల్లేశం ఆ కాగితం పట్టుకొని ఇరవై మూడేళ్ల ఆగయ్యగా బాయిలోకి దిగాడు. అప్పట్నుంచి కాలనీలో, షిఫ్టులో, చాయ్ హోటల్లో ఆయన ఆగయ్యే. మా ప్రాంతంలో ఇలా మారుపేరు మీద పనిచేసిన వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లందరూ పాటించే నియమం ఒకటుంది. పిల్లలను బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు కంపెనీ పుస్తకంలో ఉన్నట్టే చెప్పాలి. లేకపోతే రేపు తండ్రి ఉద్యోగంతో వచ్చేది ఏదీ పిల్లలకు అందదు.

అందరూ అలాగే చెప్పారు. మా బాపు ఒక్కడే చెప్పలేదు.

నన్ను ఒకటో తరగతిలో వేసిన రోజు సారు "తండ్రి పేరు?" అని అడిగితే, బాపు తడుముకోకుండా ఎల్లేశం అన్నాడట. పక్కనున్న అవ్వ మోచేత్తో పొడిచిందట. అయినా మార్చలేదట. ఇంటికొచ్చి అవ్వ నెత్తి కొట్టుకుంటే, "బిడ్డ కాడనన్న నా పేరుండనియ్యే లస్మీ," అన్నాడట. ఆ ఒక్క మాటతో నా టెన్త్ మెమో, ఇంటర్ మెమో, నర్సింగ్ సర్టిఫికెట్లు అన్నింటిలో నేను ఎల్లేశం బిడ్డనైపోయాను. కంపెనీలో ఎల్లేశం అనే మనిషే లేడు.

బాపు రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. మారుపేరు బయటపడితే ఏమవుతుందో ఎవరికీ రూఢిగా తెలియదు. ఎంక్వైరీ అంటారు, రావలసినవన్నీ ఆగిపోతాయంటారు. ఆ అనుకోవడాలకే ముప్పై ఏడేళ్లు భయపడుతూ బతికాం.

ఆ రాత్రి అన్నాల దగ్గర కోటా సంగతి ఎత్తకూడదనుకున్నాను. ఎత్తాను. నాకు ఆ సీటు ఎంత కావాలో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. బాపు అన్నం కలుపుతూ విన్నాడు. మర్నాడు డ్యూటీ దిగి వస్తూ వస్తూ రఘుపతి కాకను వెంటబెట్టుకొచ్చాడు.

రఘుపతి కాక ఒకప్పుడు యూనియన్ లీడరు. ఇప్పుడు తహసీల్ ఆఫీసు ముందు బల్ల వేసుకొని దరఖాస్తులు రాస్తాడు. బాపుది మారుపేరని కాలనీలో తెలిసింది ఆయన ఒక్కడికే. ఆయనది మా పక్క ఊరు.

"రెండు తొవ్వలున్నయి," అన్నాడు కాక, చాయ్ సాసరులో పోసుకుంటూ. "ఒకటి, ఆగయ్య, ఎల్లేశం ఒక్కడే అని అఫిడవిట్ ఇచ్చుడు. పిల్లకు సీటొస్తది. నువ్వు తెల్లారి డ్యూటీకి పోతవో లేదో నేను జెప్ప. ఇంకోటున్నది." చాయ్ జుర్రాడు. "ఎల్లేశం సచ్చిపోయిండు."

అవ్వ చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఏం మాటలే అన్నా ఇవి, ఇంట్ల కూసొని?"

"కాయితం మీద చెల్లె, కాయితం మీద. ఎల్లేశం ఆగయ్యకు తమ్ముడు. తొంభై ఆర్ల సచ్చిపోయిండు. తమ్ముని బిడ్డను ఆగయ్య సాదుకున్నడు. దత్తత కాయితం పాత తారీఖు మీద నేను జేపిస్త. సచ్చినట్టు సర్టిఫికెట్ గూడ అయితది. ఆగయ్య నౌకరి ఆగయ్యకుంటది, పిల్ల డాక్టరయితది. ఎవ్వలకు బాధ లేదు."

బాపుది ముక్కు మీద కోపం. కాకను తన్ని తగలేస్తాడనుకున్నాను.

"గంతేనా?" అన్నాడు బాపు.

"గంతేనా అంటవేంది బాపూ?"

"మరేంది బిడ్డా? పంతొమ్మిదేండ్లప్పటి సంది ఎల్లేశం ఈ ఇంట్లకు ఒక్క పూట జీతం తేలే. తెచ్చినోడు ఆగయ్య. నిన్ను సదివిచ్చినోడు ఆగయ్య. ఎల్లేశం ఉంటేంది, పోతేంది?"

వద్దు అని నేను అప్పుడే అనాల్సింది. అనలేదు. గుమ్మం దగ్గర నిలబడి, దత్తత కాగితానికి సాక్షులుగా ఎవరిని పెడితే బాగుంటుందని వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే విన్నాను. కాక వెళ్లేటప్పుడు ఫొటోలు అడిగితే తెచ్చి ఇచ్చాను కూడా.

జులై అంతా ముసురు. కాగితాలు ఒక్కొక్కటే వచ్చాయి. డ్యూటీ దిగి స్నానం చేసి బాపు మంచం మీద కూర్చుంటే, కాక ఎదురుగా కుర్చీ వేసుకొని ప్రశ్నలు అడిగేవాడు.

"నీకు ఎల్లేశం ఏమైతడు?"

"తమ్ముడు."

"ఎన్నడు సచ్చిండు?"

"తొంభై ఆరు, శ్రావణ మాసం."

"ఇగో, తలకాయ దించకు. మొఖం మీద చూసుకుంట చెప్పాలె."

వాళ్లు మొదలుపెట్టగానే అవ్వ పెరట్లోకి పోయేది, వానలోనైనా. ఆ నెలంతా అవ్వ బొట్టు మామూలుకంటే పెద్దగా పెట్టుకుంది. నేను చూశాను, బాపూ చూశాడు.

వార్డులో నేను చాలా చావులు రాశాను. టైము, పల్స్ లేదు, డాక్టరుకు తెలియజేయబడినది, కింద సంతకం. రాసి పక్క బెడ్ దగ్గరికి పోయేదాన్ని. కానీ కాక తెచ్చిన దత్తత కాగితంలో 'కీర్తిశేషులు ఎల్లేశం' అని చదివి, మిగతాది చదవకుండానే మడిచేశాను. కాగితాన్ని ఫైలులో పెట్టి మర్నాడు పొద్దున డ్యూటీకి పోయాను. రెండు రోజులైతే అలవాటైపోతుందనుకున్నాను. నిజంగానే అలవాటైంది.

ఆగస్టులో సర్టిఫికెట్ల పరిశీలనకు వరంగల్ రమ్మన్నారు. రామగుండంలో రైలెక్కాం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. దారంతా పెదాలు కదుపుతూనే ఉన్నాడు, పరీక్షకు పోయే పిల్లాడిలా.

పెద్ద హాలు, వరసగా బల్లలు. మా బల్ల దగ్గర రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక మేడం ఉంది. నా మార్కుల మెమో చూసి కనుబొమ్మలు ఎగరేసింది, పుట్టిన తేదీ చూసి ఇంకాస్త ఎగరేసింది.

"పన్నెండేళ్ల నర్సింగ్ సర్వీసా? ఇప్పుడెందుకమ్మా ఇది?"

"అప్పుడు మార్కులు రాలేదు మేడం."

ఆమె నవ్వింది. ఫైలు తిప్పి దత్తత కాగితం దగ్గర ఆగింది.

"మీరు ఈమెకు ఏమవుతారు?" అని బాపును అడిగింది.

"పెద్దనాయిననమ్మా. సాదుకున్నోన్ని." తల దించలేదు, ముఖంలోకి చూస్తూ చెప్పాడు.

"కన్నతండ్రి ఎప్పుడు పోయారు?"

"తొంభై ఆరు, శ్రావణ మాసం."

"చిన్న వయసే కదా. ఏమైంది?"

ఎలా చచ్చిపోయాడని కాక ఒక్కసారి కూడా అడగలేదు. తారీఖు, నెల, చుట్టరికం, సాక్షులు, అన్నీ బట్టీ పట్టించాడు గానీ చావడానికి ఒక రోగం ఉండాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నేను నర్సును, నాకూ తట్టలేదు.

బాపు మాత్రం తడబడలేదు.

"కామెర్లమ్మా. సురువుల ఉత్త జరమే అనుకున్నం. మూడు ఐతారాలు పసరు మందు పోయించినం. తగ్గలే. కండ్లు పసుపుముద్దలయినయి. కడుపుబ్బింది, కాళ్లు వాసినయి. అప్పుడు బండి కట్టి దవాఖానకు తెచ్చినం. డాక్టరు సూసి, ఇన్ని దినాలు ఏం జేసిన్రయ్యా అన్నడు. ఆఖరి రెండు దినాలు మనిషి మనిషిల లేడు. చేతులు చాపుమంటె ఇగో, ఇట్ల ఇట్ల కొట్టుకునేటియి."

రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకెత్తి చూపించాడు. మణికట్టు దగ్గర చేతులు పడిపోతూ, లేస్తూ, పడిపోతూ ఉన్నాయి. లివరు చెడి మెదడు దాకా పోయినవాళ్ల చేతులు అచ్చం అలాగే కొట్టుకుంటాయి. నేను వార్డులో చూశాను. చూడనివాళ్లు దాన్ని అలా చేసి చూపించలేరు.

"బిడ్డను ముంగట నిలవెట్టి ఈమె ఎవలు అంటె, తెల్వదన్నడమ్మా. కడుపున పుట్టినదాన్ని తెల్వదన్నడు," అన్నాడు బాపు. కళ్లలో నీళ్లు దొంగనీళ్లు కావు.

మేడం నా వైపు చూసింది. జాలిపడుతోంది. స్టాంపు చేతిలోకి తీసుకొని ప్యాడ్ మీద అద్దింది.

"మేడం, ఆయన చచ్చిపోలేదు," అన్నాను.

"ఎవరు?"

"ఎల్లేశం. మా బాపు. ఈయనే."

బాపు నా జబ్బ గట్టిగా పట్టుకున్నాడు. "పిల్లకు తండ్రి యాదికొచ్చిండమ్మా, గాబరయితంది. పొద్దటి సంది ఏం తినలే. మీరు ముద్ర గొట్టున్రి."

"కోటా వద్దు మేడం. నన్ను మామూలు బీసీలో చూడండి," అన్నాను.

"నోరు ముయ్యి," అన్నాడు బాపు పళ్ల సందునుంచి.

మేడం స్టాంపు పక్కన పెట్టి, కళ్లజోడు తీసి, మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. మాది ఒకే ముక్కు, ఒకే నుదురు. ఎవరినీ అడగక్కర్లేదు. మా వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. ఆమె ఫైలు విప్పి దత్తత కాగితం, చావు కాగితం, కంపెనీ కాగితం మూడింటినీ బయటికి తీసి, బోర్లించి బాపు ముందుకు నెట్టింది.

"ఇవి నేను చూడలేదు. తీసుకుపోయి చింపెయ్యండి. ఇంకొకరైతే పోలీసుల దాకా పోయేది, తెలుసా?" అంది. తర్వాత నాకో తెల్లకాగితం ఇచ్చింది. "కోటా వదులుకుంటున్నానని రాయమ్మా. కింద తండ్రి సంతకం పెట్టించు."

రాశాను. బాపు పెన్ను తీసుకొని 'ఆ' అని రాశాడు. ఆగిపోయాడు. ముప్పై ఏడేళ్లుగా ఆ చెయ్యి ఇంకో పేరు రాయలేదు. నా వైపు చూశాడు. ఆ అక్షరాన్ని కొట్టేసి, పక్కన ఎల్లేశం అని ఒక్కొక్క అక్షరం పేర్చుకుంటూ రాశాడు. రాసినంతసేపూ నుదుటి మీద చెమట పట్టింది. మేడం తొందరపెట్టలేదు.

తిరుగు రైల్లో జమ్మికుంట దాటేదాకా బాపు కిటికీలోంచి ముఖం తిప్పలేదు.

"నేను గంత మంచిగ సచ్చిన," అన్నాడు ఉన్నట్టుండి. "ఎందుకు లేపినవే?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను.

"నవ్వకు. నవ్వితె తంత. ఆమె ముద్ర చేతులకు తీసుకున్నది. ఒక్క నిమిషం, ఒక్కటంటె ఒక్క నిమిషం నోరు మూసుకుంటె నీ సీటు నీకొస్తుండె."

"ఆ సావెవలది బాపూ?"

ఎదురు సీటులో ఒకామె పల్లీలు ఒలుచుకొని తింటోంది. ఆమె పెద్దపల్లిలో దిగిపోయాక చెప్పాడు.

"మా నాయినది. తారీఖు మార్చిన, గంతె. బిడ్డ అన్న కాడ నన్ను పెట్టుకో. బాయిల చేరిన రెండేండ్లకు, షిఫ్టు దిగి ఉరుక్కుంట పోయిన. ఎవలు నువ్వు అన్నడు. నేనే నాయినా, ఎల్లేశాన్ని అన్న. ఎల్లేశం ఎవలు అన్నడు."

నేను ఆయన చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి లాక్కున్నాడు.

"ఆ పేరు నాకు గప్పుడే పోయింది. పోయినదాని కోసం నాకేం నొప్పి లేకుండె. నువ్వు డాక్టరు కాకపోతే నొప్పి. గది నీకు సమజ్ కాలే."

"నాకు గూడ నొప్పే. నాకు ఆ సీటు గావాలె. ఇప్పటికీ గావాలె. కని నువ్వు చేతులు గట్ల ఆడిచ్చుకుంట చూపెడితే నాతోని కాలే."

బాపు మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

కాలనీలో రఘుపతి కాక నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. నీలాంటి పిచ్చిదాన్ని నా సర్వీసులో చూడలేదన్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. అవ్వకు జరిగిందంతా చెప్తే విని, ఊఁ అని లేచి, పక్కింటికి పోయి కోడిని పట్టుకొచ్చింది. గురువారం పూట మా ఇంట్లో కోడికూర వండటం అదే మొదలు. బాపు రెండుసార్లు వేయించుకొని తిన్నాడు గానీ నాతో మాట్లాడలేదు.

దాదాపు నెల రోజులు మాట్లాడలేదు. చెప్పుల్లో రాయి పడ్డట్టు నడిచాం ఇంట్లో అందరమూ. ఆ మేడం ఎవరికైనా చెప్పిందేమో, బాయికి ఉత్తరం వచ్చిందేమో అని నాకు ఒకటే భయం. మూడింటికి షిఫ్టు దిగాలి. మూడున్నర దాటితే నేనూ అవ్వా వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్లం. సందు మలుపులో బాపు కనిపించగానే ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నట్టు లోపలికి పోయేవాళ్లం. ఏ ఉత్తరమూ రాలేదు.

సుసన్నక్కకు అప్పుడు చెప్పాను, మొత్తం. ఆమె చాలాసేపు సిరంజీలు సర్దుతూ ఉండి, "మా ఫెబా పుస్తకాలు నాకు తిరిగి పంపకు," అంది.

చివరి జాబితా అక్టోబరులో ఒక బుధవారం మధ్యాహ్నం వచ్చింది. డ్యూటీకి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఫోనులో పైనుంచి కిందికి చూశాను, కిందినుంచి పైకి చూశాను. నా పేరు లేదు. ఫోను టేబులు మీద పెట్టి, ఆరిన బట్టలు తెచ్చి మడతపెట్టాను. కంపెనీ పిల్లల సీట్ల జాబితా కూడా వచ్చింది. అందులో ఆఖరి సీటు ర్యాంకు నాకంటే వెనకది. అది చూడకుండా ఉండాల్సింది.

మూడున్నరకు బాపు వచ్చాడు. కళ్ల చుట్టూ బొగ్గు నలుపు ఇంకా ఉంది. గడప మీద కూర్చొని బూట్ల లేసులు విప్పుతూ, నన్ను చూడకుండా అడిగాడు.

"ఒచ్చిందా?"

"రాలే."

"ఎంతల పోయింది?"

"రెండొందల ముప్పై ర్యాంకులల్ల."

ఒక బూటు విప్పి పక్కన పెట్టాడు. రెండోది విప్పకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు. ఇప్పుడు తిడతాడు, ఆ ఒక్క నిమిషం సంగతి మళ్లీ ఎత్తుతాడు అనుకొని గోడకు ఆనుకున్నాను.

"రెండొందల ముప్పై మందే గదా బిడ్డా," అన్నాడు. "మా ఒక్క షిఫ్టుల దిగెటోళ్లే గంతకంటె ఎక్కువుంటరు."

రెండో బూటు కూడా విప్పి లోపలికి పోయాడు. పెరట్లో అవ్వ బకెట్లోకి నీళ్లు వంపుతున్న చప్పుడు వినిపించింది. జాబితాలో పేరు లేనప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.